హోన్స్‌డేల్ పేరు వెనుక ఉన్న వర్తకుడు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పాలకొల్లు నుంచి ఒక విశ్రాంత సోషల్ మాస్టారు రాసిన ఉత్తరాన్ని గత సంచికలో క్లుప్తంగా ప్రస్తావించి, వివరమైన జవాబు ఈ నెల ఇస్తామని చెప్పాం. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉంటున్న వారి అమ్మాయి హోన్స్‌డేల్ అనే చిన్న పట్టణం చూసివచ్చి, ఆ ఊరికి న్యూయార్క్ వర్తకుడొకరి పేరు పెట్టారనీ, ఆయన ఆ నగరానికి మేయరుగా కూడా చేశారనీ, ఆ ఊరు పుట్టిందే ఒక కాలువ వల్ల అనీ ఫోనులో చెప్పిందట. ఆ సంగతి చదివి మన డెల్టాలోని వేర్వేరు ఊళ్ల నుంచి మరికొందరు రాశారు. అన్నీ ఒకే మనిషి చుట్టూ తిరిగే ప్రశ్నలు గనుక ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆయనకే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: ఆ వర్తకుడు ఎవరు? మన దగ్గర కాలువ అనగానే కాటన్ దొర పేరు చెప్పుకుంటాం. వాళ్లు కాలువ కట్టిన ఇంజనీరును వదిలిపెట్టి వ్యాపారి పేరు ఊరికి ఎందుకు పెట్టుకున్నారు?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, పాలకొల్లు

జవాబు: మాస్టారూ, ఆయన పేరు ఫిలిప్ హోన్. 1780 అక్టోబరులో న్యూయార్క్‌లో పుట్టి, 1851 మే నెలలో అదే నగరంలో కన్నుమూశారు. తండ్రి జర్మన్ వలస కుటుంబానికి చెందిన వడ్రంగి. పెద్ద చదువులేవీ లేకుండానే పదిహేడో ఏట అన్నగారైన జాన్ నడుపుతున్న వేలం దుకాణంలో గుమాస్తాగా చేరి, రెండు మూడేళ్లలో అందులో భాగస్తుడై, నలభై ఏళ్లు దాటీ దాటకముందే వ్యాపారం నుంచి విరమించుకోగలిగినంత ఆస్తి సంపాదించారు. ఆ తరువాత నగర మండలిలో, ఒక ఏడాది మేయరు కుర్చీలో, అనేక సంస్థల పాలకవర్గాలలో పనిచేశారు. 1825లో ఏర్పడిన డెలావేర్ అండ్ హడ్సన్ కాలువ కంపెనీకి మొదటి అధ్యక్షుడు ఆయనే. కాలువకు పడమటి కొసన, బొగ్గు పడవలకు ఎక్కించే రేవు దగ్గర వెలసిన ఊరికి అందుకే ఆయన పేరు పెట్టారు.

ఇంజనీరు పేరు ఎందుకు పెట్టలేదన్న మీ సందేహానికి జవాబు ఆ కాలువకు డబ్బు వచ్చిన తీరులో ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట పనికి కుంఫిణీ ప్రభుత్వం ఖజానా నుంచి సొమ్ము ఇచ్చింది. కాటన్ ఒప్పించవలసింది మద్రాసులోనూ లండనులోనూ కూర్చున్న అధికారులను. డెలావేర్–హడ్సన్ కాలువకు ఖజానా లేదు. ఎన్నడూ ఆ కొండలను చూడని వేలాది మంది పట్నవాసులు తమ సొంత సొమ్ము తెచ్చి వాటాలు కొనాలి. అలాంటి పనికి ముందు కావలసింది జనానికి నమ్మకం కలిగించే పేరు. హోన్ పేరు అప్పటి న్యూయార్క్ వర్తకులలో అటువంటిది.

ప్రశ్న: మా అరటి మార్కెట్టులో రోజూ పాటలు చూసేవాణ్ణి. పాటలో మిగిలేది కమీషనే కదా. కేవలం వేలం వేయించి ఒకాయన నలభై ఏళ్లకే చాలించుకునేంత ఎలా గడించారు?
– అరటికాయల వర్తకుడు, రావులపాలెం

జవాబు: మీరన్నది నిజమే, వేలందారుకు మిగిలేది కమీషనే. హోన్ సోదరుల చేతిమీదుగా సాగిన సరుకు మాత్రం సామాన్యమైనది కాదు. బ్రిటన్‌తో 1812లో మొదలైన యుద్ధం 1815 తొలి నెలల్లో ముగియగానే, అంతకాలం ఇంగ్లండు మిల్లుల్లోనూ గిడ్డంగుల్లోనూ పేరుకుపోయిన నూలు, ఉన్ని బట్టలు, ఇనుప సామాను ఒక్కసారిగా ఓడలెక్కి న్యూయార్క్ రేవులో దిగాయి. ఆ మిల్లుల యజమానులు మంచి ధర కోసం ఎదురుచూసే స్థితిలో లేరు. వారికి త్వరగా డబ్బు కావాలి. దిగుమతిదారుకు అమ్మితే ఆయన టోకు వర్తకుడికి, టోకు వర్తకుడు ఊళ్ల దుకాణదారుకు అమ్మేదాకా ఆగాలి. అంత ఆగలేక సరుకును నేరుగా వేలందారుకు అప్పగించేవారు.

వేలందారు సరుకు కొనేవాడు కాదు. పాటకు ముందు సరుకు జాబితా అచ్చు వేయించి, కొన్ని బేళ్లు విప్పి నమూనాలు బల్లల మీద పరిచేవాడు. లోతట్టు ఊళ్ల నుంచి వచ్చిన దుకాణదారులు గుడ్డను చేత్తో పట్టి చూసుకుని, జాబితా మీద గుర్తులు పెట్టుకుని, సుత్తి దెబ్బ పడేలోగా తమ పాట పాడుకునేవారు. కొన్నవారంతా అక్కడికక్కడ నగదు ఇవ్వనక్కరలేదు; పెద్ద కొనుగోళ్లకు కొన్ని నెలల గడువుతో నోటు రాసిచ్చే పద్ధతి ఉండేది. సముద్రం అవతల ఉన్న మిల్లు యజమానికి ఆ కొనుగోలుదారుల పేర్లే తెలియవు. ఆయన నమ్మకం వేలందారు మీదనే. ఏ ఊరి దుకాణదారు గడువు నాటికి తీరుస్తాడో, ఎవరు పేరు మార్చుకుని పడమటికి వెళ్లిపోతాడో పసిగట్టడంలోనే ఆ వ్యాపారంలోని అసలు నేర్పు ఉంది. హోన్ సోదరులకు ఆ నేర్పు సమృద్ధిగా ఉండేదని వారి పెరుగుదలే చెబుతుంది. 1821లో ఫిలిప్ విరమించుకునే నాటికి ఆయన ఆస్తి దాదాపు ఐదు లక్షల డాలర్లని చరిత్రకారుల అంచనా.

ఇంకొక సంగతి మీకు ఆసక్తి కలిగించవచ్చు. ఆ రోజుల్లో న్యూయార్క్‌లో ఇష్టం వచ్చిన వారందరూ వేలం వేయడానికి వీల్లేదు. రాష్ట్ర ప్రభుత్వం నియమించినవారే వేయాలి, అమ్మకాల మీద ప్రభుత్వానికి పన్ను కట్టాలి. 1817లో అక్కడి శాసనసభ చేసిన చట్టం ఆ పన్నును తగ్గిస్తూనే, పాటకు పెట్టిన సరుకును ధర రాలేదన్న సాకుతో వెనక్కు తీసుకోకుండా కట్టడి చేసింది. ఇక్కడ పాటకు పెట్టిన సరుకు అమ్ముడుపోయి తీరుతుందన్న భరోసా దొరికాక, ఫిలడెల్ఫియాకూ బోస్టన్‌కూ వెళ్లే కొనుగోలుదారులు న్యూయార్క్ దారి పట్టారు. ఈ వేలం పన్ను, ఉప్పు మీద పన్ను కలిపి, హడ్సన్ నదిని ఈరీ సరస్సుతో కలిపే ఈరీ కాలువ నిధికి మళ్లించారు. 1825లో పూర్తయిన, 363 మైళ్ల పొడవున్న ఆ కాలువలో ప్రవహించిన సొమ్ములో కొంత ఈ పాటల్లో వసూలైనదే. దిగుమతిదారులు మాత్రం తమ పొట్ట కొడుతున్నారని వేలందారుల మీద ఏళ్ల తరబడి అర్జీలు పెడుతూనే వచ్చారు.

ప్రశ్న: మాది లొల్ల లాకుల దగ్గర పల్లె. ఆ అమెరికా కాలువ మన కాలువల లాంటిదేనా? దాని వివరాలూ, దానికి డబ్బు ఎలా పోగైందో కాస్త విపులంగా చెప్పండి.
– రైతు, ఆత్రేయపురం మండలం

జవాబు: చూడటానికి మన కాలువలకు చుట్టమే గానీ ఉద్దేశం వేరు. మన కాలువలు ముందు పొలానికి నీరు పెట్టడానికి, ఆ తరువాత పడవలు నడపడానికి ఏర్పడ్డాయి. అది కేవలం పడవల కోసం, ఆ పడవలు కూడా ప్రధానంగా బొగ్గు కోసం తవ్విన కాలువ.

ఫిలడెల్ఫియాలో బట్టల వ్యాపారం చేసే వుర్ట్స్ సోదరులు పెన్సిల్వేనియా ఈశాన్యపు కొండల్లో ఆంథ్రసైట్ అనే గట్టి బొగ్గు ఉన్న భూములు చవగ్గా కొనిపెట్టుకున్నారు. ఆ బొగ్గు పొగ తక్కువ ఇస్తుంది, నిలకడగా కాలుతుంది, కానీ ఓ పట్టాన అంటుకోదు. మామూలు పొయ్యిలో కట్టెపుల్లలు వేసినట్లు వేసి చూసినవారు ఇది రాయి తప్ప బొగ్గు కాదని పారేసేవారు. అందుచేత 1825 జనవరిలో, వాటాలు అమ్మకానికి పెట్టే ముందు, న్యూయార్క్ వాల్ స్ట్రీట్‌లో వర్తకులు చేరే టాంటైన్ కాఫీ హౌస్‌లో ఒక పొయ్యి పెట్టి ఆంథ్రసైట్ మండించి చూపించారు. బయట గడ్డకట్టే చలి. లోపల మామూలుగా లెక్కలు చూసుకునే మనుషులు ఆ పొయ్యి చుట్టూ చేరి, ఎర్రగా కాలుతున్న రాళ్ల వేడికి చేతులు కాచుకుని, మాటలతో పని లేకుండానే సరుకు ఏపాటిదో తెలుసుకున్నారు. వాటాల పుస్తకం తెరిచిన కొద్ది గంటల్లోనే 15 లక్షల డాలర్లకు సరిపడా సంతకాలు అయ్యాయి, ఇంకా అడిగేవారు మిగిలారు. నా దృష్టిలో హోన్ వంటి వేలందారులు ఒక తరం పాటు ఆ నగరానికి నేర్పిన అలవాటే ఇక్కడ పనికివచ్చింది: సరుకు విప్పి చూపించు, చేత్తో పట్టి చూడనివ్వు, ఆ తరువాతే పాట మొదలుపెట్టు.

ఇందులో మరొక ఆకర్షణ కూడా ఉందని చెప్పకపోతే లెక్క పూర్తికాదు. కాలువ కంపెనీకి బ్యాంకు వ్యాపారం చేసుకునే హక్కు కూడా శాసనసభ ఇచ్చింది. కాలువ సంగతి ఎలా ఉన్నా బ్యాంకు లాభాలు వస్తాయన్న ఆశతో వాటాలు కొన్నవారు తక్కువేమీ కాదు. పని మధ్యలో సొమ్ము చాలక న్యూయార్క్ రాష్ట్రం తన పరపతిని అరువిచ్చి కంపెనీని ఆదుకోవలసి వచ్చింది. వర్తకుల సొంత సాహసంగా మొదలైనది కూడా చివరికి ప్రభుత్వపు ఊత లేకుండా గట్టెక్కలేదన్నమాట.

1825 జులైలో తవ్వకం మొదలైంది. తొలి పార మట్టి తీసింది అధ్యక్షుడైన హోన్. ఈరీ కాలువలో చేయి తిరిగిన బెంజమిన్ రైట్, ఆయన తరువాత జాన్ జెర్విస్ ప్రధాన ఇంజనీర్లుగా ఉన్నారు. హడ్సన్ నది మీది రాండౌట్ నుంచి కొండల మధ్యగా హోన్స్‌డేల్ దాకా 108 మైళ్ల కాలువ, దాని మీద 108 లాకులు. మైలుకొక లాకు చొప్పున పడవను ఎక్కించడమూ దించడమూ ఎంత శ్రమో లాకుల దగ్గర పెరిగిన మీకు వేరే చెప్పనక్కరలేదు. 1828 నాటికి పడవలు నడిచాయి. మొదట నీటి లోతు 4 అడుగులు మాత్రమే. తరువాతి దశాబ్దాల్లో 6 అడుగులకు పెంచి, నూరు టన్నులు దాటిన పడవలు నడిపారు. మన కాలువల గట్ల మీద మనుషులు తాడు భుజాన వేసుకుని పడవ లాగితే, అక్కడ కంచరగాడిదలు లాగేవి, వాటిని తోలే పనిలో చాలాచోట్ల చిన్నపిల్లలు ఉండేవారు. మనకు ఎండాకాలంలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. వారికి చలికాలంలో నీరు గడ్డకట్టి కాలువ తనంతట తానే మూతపడేది.

హోన్స్‌డేల్‌కు పడమట కొండ అడ్డం రావడం వల్ల కాలువ గనుల దాకా పోలేకపోయింది. కార్బన్‌డేల్ గనుల నుంచి హోన్స్‌డేల్ దాకా సుమారు 16 మైళ్లు, వాలు పట్టాల మీద బొగ్గు బండ్లను లాగుతూ దింపుతూ తెచ్చేవారు. ఆ పట్టాల మీద నడపడానికి ఇంగ్లండులో చేయించి తెచ్చిన ‘స్టూర్‌బ్రిడ్జ్ లయన్’ అనే ఆవిరి యంత్రాన్ని 1829 ఆగస్టు 8న హోన్స్‌డేల్‌లో హొరేషియో అలెన్ అనే ఇంజనీరు ఒక్కడే ఎక్కి నడిపాడు. అమెరికాలో వాణిజ్య రైలు మార్గం మీద ఆవిరి యంత్రం నడవడం అదే మొదలు. ఇనుప రేకు తొడిగిన కొయ్య పట్టాలు దాని బరువుకు ఆగవని తేలడంతో దాన్ని పక్కన పెట్టేశారు.

ఈ కాలువను నదుల మీదుగా దాటించడానికి జాన్ రోబ్లింగ్ అనే ఇంజనీరు కట్టిన అక్విడక్టులలో ముఖ్యమైనది, డెలావేర్ నది మీద తీగలతో వేలాడే నీటి వంతెన, 1847లో మొదలైంది. ధవళేశ్వరంలో ఆనకట్ట పని మొదలైన ఏడాది కూడా అదే. కొద్ది ఏళ్లకే పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా నాగరం సీమకు నీరు తీసుకుపోయే అక్విడక్టును ఇటుక కమానులతో మన డెల్టాలోనూ కట్టారు. దాని పక్కన ఇప్పుడున్న కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్నాం. రోబ్లింగ్ కట్టిన వంతెన ఇప్పటికీ నిలిచే ఉంది. నీటికి బదులు దాని మీద బండ్లు నడుస్తున్నాయి. రైళ్లు పెరిగాక డెలావేర్–హడ్సన్ కాలువ 1898లో మూతపడింది. మన కాలువలు మాత్రం పొలాలకు నీళ్లిస్తున్నాయి గనుక రైలు వచ్చినా బతికాయి.

హోన్ అధ్యక్ష పదవిలో ఉన్నది కొద్దికాలమే. మేయరు పదవి వచ్చాక 1826లో ఆ స్థానం జాన్ బోల్టన్‌కు దక్కింది. అయినా ఆయన ప్రజా జీవితంలో అన్నిటికంటే నిలిచిన పని ఈ కాలువే అని నా అభిప్రాయం.

ప్రశ్న: ఆయన్ను ప్రజలు ఓటు వేసి ఎన్నుకోలేదని ఎక్కడో చదివాను. వార్డు సభ్యురాలిగా పనిచేసినదాన్ని గనుక అడుగుతున్నాను, మరి మేయరు ఎలా అయ్యారు? ఏం చేశారు?
– మాజీ వార్డు సభ్యురాలు, నరసాపురం

జవాబు: అమ్మా, మీరు చదివింది నిజమే. 1820లకు ముందు న్యూయార్క్ మేయరును రాష్ట్రస్థాయి మండలి నియమించేది. 1821 రాజ్యాంగ సవరణల తరువాత ఆ అధికారం నగర మండలి సభ్యులకు వచ్చింది, అంటే మీ అనుభవంలో సభ్యులు ఛైర్మన్‌ను ఎన్నుకున్నట్లే. పదవీకాలం ఏడాది. అప్పటికే ఆ మండలిలో సహాయ సభ్యుడిగా పనిచేసిన హోన్, 1826 జనవరిలో బలాబలాలు తేలని రెండు పక్షాలు రాజీపడగా మేయరయ్యారు. ఏడాది తిరిగేసరికి, ఆయనకు ముందున్న విలియం పౌల్డింగే మళ్లీ ఆ కుర్చీలోకి వచ్చారు.

అప్పటి మేయరుకు మండలి తీర్మానాన్ని తోసిపుచ్చే అధికారం కూడా లేదు. అది 1830 సవరణలతో వచ్చింది. కాబట్టి ఆ ఏడాదిలో ఆయన చేసిన ఘనకార్యాలంటూ పెద్ద పట్టిక వేయడం న్యాయం కాదు. అతిథులను ఆదరించడం, పనులకు అనుమతులివ్వడం, సభలకు అధ్యక్షత వహించడం ఆయన హుందాగా చేశారు. స్వాతంత్ర్య ప్రకటనకు యాభై ఏళ్లు నిండిన 1826 జులై 4న నగరానికి మేయరు ఆయనే. మాజీ అధ్యక్షులు జెఫర్సన్, ఆడమ్స్ ఇద్దరూ అదే రోజున మరణించారన్న వార్త ఆ తరువాత రోజుల్లో నగరానికి చేరింది.

ఓటు హక్కు సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. 1826 నాటికి న్యూయార్క్ రాష్ట్రంలో తెల్లజాతి పురుషులకు ఆస్తి నిబంధన దాదాపు తొలగిపోయింది, నల్లజాతి పురుషులకు మాత్రం 250 డాలర్ల ఆస్తి ఉండాలన్న నిబంధన అలాగే కొనసాగింది. స్త్రీలకు అసలు హక్కే లేదు. మేయరును ఓటర్లు నేరుగా ఎన్నుకున్నది మొదటిసారి 1834 ఏప్రిల్‌లో. మూడు రోజుల ఆ పోలింగులో వీధుల్లో కొట్లాటలు జరిగాయి. డెమొక్రాట్ల అభ్యర్థి కొర్నీలియస్ లారెన్స్ స్వల్ప ఆధిక్యంతో గెలిచారు. అధ్యక్షుడు జాక్సన్‌ను వ్యతిరేకించే పక్షంలో హోన్ ముందువరుసలో ఉన్నారు. ఆ పక్షానికి విగ్ పార్టీ అన్న పేరు స్థిరపడటంలో తన పాత్ర ఉందని ఆయన డైరీలో రాసుకున్నారు. విగ్ పక్షపు పెద్ద నాయకులు డేనియల్ వెబ్‌స్టర్, హెన్రీ క్లే ఆయన ఇంటి విందులకు వచ్చే మిత్రులు. అయినా జనం ఓట్లు ఆయనకు కలిసిరాలేదు. 1839లో రాష్ట్ర సెనేట్‌కు నిలబడి ఓడిపోయారు. మండలి సభ్యుల గదిలో నెగ్గుకొచ్చిన మనిషి వార్డుల్లో తిరిగి ఓటు అడగవలసిన రోజులు వచ్చేసరికి ఇమడలేకపోయారనిపిస్తుంది.

ప్రశ్న: అంత సంపన్నుడు చివరి రోజుల్లో ఉద్యోగం చేసుకుని బతికారని విన్నాను. ఆస్తి ఏమైంది?
– ధాన్యం వ్యాపారి, తణుకు

జవాబు: ఆస్తి ఎలా పెరిగిందో, ఎలా కరిగిందో ఆయన ఇంటి కథలోనే కనబడుతుంది. 1821లో నగర భవనం ఎదుటి పార్కుకు అభిముఖంగా బ్రాడ్‌వే మీద 235 నంబరు ఇంటిని 25,000 డాలర్లకు కొన్నారు. నగర జనాభా 1820లో సుమారు 1,23,000 ఉన్నది 1830 నాటికి రెండు లక్షలు దాటింది. ఇళ్లున్న వీధులు దుకాణాలుగా మారసాగాయి. 1836 మార్చిలో ఆ ఇంటికి 60,000 డాలర్ల ధర పలికింది. నన్ను నేనే ఇంట్లోంచి వెళ్లగొట్టుకున్నాను, కానీ 60,000 డాలర్లంటే చాలా పెద్ద మొత్తం, అని ఆ రోజు డైరీలో రాసుకున్నారు. అలవాటైన గదులు, ఎదురుగా కనిపించే చెట్లు వదిలి వెళ్లాలన్న బాధ, పలికిన ధర మీది వర్తకుడి లెక్క రెండూ ఆ మాటలో కనిపిస్తాయి. తరువాత బ్రాడ్‌వే మీదనే ఉత్తరాన, గ్రేట్ జోన్స్ వీధి మూలలో కొత్త ఇల్లు కట్టించారు.

ఆ అమ్మకానికి కొద్ది నెలల ముందే నగరానికి పెద్ద దెబ్బ తగిలింది. 1835 డిసెంబరు 16 రాత్రి వర్తక కేంద్రంలో నిప్పు అంటుకుంది. ఫారెన్‌హీట్ కొలతలో సున్నాకు 17 డిగ్రీల దిగువన చలి. ఈస్ట్ రివర్ గడ్డకట్టి ఉంటే మంచు పగలగొట్టి నీళ్లు తోడారు. తోడిన నీళ్లు గొట్టాల్లోనే గడ్డకట్టాయి. చివరికి తుపాకి మందు తెప్పించి, మంట దారిలో ఉన్న భవనాలను పేల్చి ఖాళీ చేస్తే గానీ ఆగలేదు. ఆరు వందలకు పైగా కట్టడాలు బూడిదయ్యాయి, నష్టం సుమారు రెండు కోట్ల డాలర్లు. పరిహారం చెల్లించలేక బీమా కంపెనీలు చాలామటుకు దివాలా తీశాయి. అమెరికా సంయుక్త రాష్ట్రాలకు ఎన్నడూ రానంత ఘోర విపత్తు ఇదని హోన్ రాశారు.

1837లో ఆర్థిక సంక్షోభం వచ్చింది. భూముల మీద జూదంలా సాగిన కొనుగోళ్లు, ఇంగ్లండు నుంచి అప్పు బిగుసుకోవడం, పత్తి ధర పడిపోవడం కలిసి, మే 10న న్యూయార్క్ బ్యాంకులు నోట్లకు బంగారం, వెండి ఇవ్వడం ఆపేశాయి. హోన్ వ్యాపారం మానుకున్నారు గానీ ఆయన డబ్బు వ్యాపారంలోనే ఉంది: కంపెనీ వాటాల్లో, కుమారుల దుకాణాల్లో, మిత్రులకు పెట్టిన పూచీల్లో. కుమారుల వ్యాపారాలు కూలడంతో ఆయన ఆస్తిలో సింహభాగం పోయింది. అరవై ఏళ్ల వయసు దగ్గర పడ్డాక మళ్లీ సంపాదన వెతుక్కోవలసి వచ్చి, ఒక బీమా కంపెనీకి అధ్యక్షుడయ్యారు. 1845 జులైలో నగరంలో మరోసారి పెద్ద మంటలు లేచి, ఆ కంపెనీ కూడా మునిగింది. 1849లో అధ్యక్షుడు టేలర్ ఆయన్ను న్యూయార్క్ రేవు సుంకాల శాఖలో నేవల్ ఆఫీసరుగా నియమించారు. పేరులో నౌకాదళం ఉన్నా, అది దిగుమతి సుంకాల లెక్కలు సరిచూసే కొలువు. చనిపోయేవరకు ఆ పదవిలోనే ఉన్నారు. మన వ్యాపారులు ఈ భాగాన్ని శ్రద్ధగా చదవాలని నా కోరిక. పూచీ సంతకం ఎంత దూరం పోతుందో దీనికంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ అరుదు.

ప్రశ్న: హోన్ డైరీని చరిత్రకు ఆధారంగా ఎంతవరకు నమ్మవచ్చు? పేదల గురించి ఆయన అభిప్రాయాలు మంచివి కావని మా అధ్యాపకులు అన్నారు.
– డిగ్రీ విద్యార్థిని, అమలాపురం

జవాబు: మీ అధ్యాపకులు సరిగానే చెప్పారమ్మా. 1828 నుంచి 1851 దాకా ఆయన రాసిన డైరీ 28 సంపుటాలు, దాదాపు ఇరవై లక్షల మాటలు. మూలప్రతి న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీలో ఉంది. ఎంపిక చేసిన భాగాలు మొదట 1889లోనూ, తరువాత 1927లోనూ అచ్చయ్యాయి. ధరలు, అద్దెలు, దివాలాలు, అగ్నిప్రమాదాలు, విందులు, నాటకశాలలు వంటివాటిలో ఆయన చూపు చాలా నిశితం. 3,500 మందికి పైగా ప్రాణాలు తీసిన 1832 కలరా, దశాబ్దం తరువాత 1842లో క్రోటన్ నది నీరు 41 మైళ్ల కాలువ ద్వారా నగరానికి చేరినప్పటి సంబరం రెండూ అందులో ఉన్నాయి. ఆ క్రోటన్ కాలువ ప్రధాన ఇంజనీరు కూడా జెర్విసే. ఊరంతా క్రోటన్ నీళ్ల మాటే తప్ప మరో మాట లేదని హోన్ రాశారు. బావుల నీరు చెడిపోయిన నగరంలో ఏళ్ల తరబడి గడిపిన మనిషి రాసిన మాట గనుక దాన్ని నమ్మవచ్చు.

ఐరిష్ వలసకారుల గురించి, కూలి పెంచమని సమ్మె కట్టిన దర్జీల వంటి పనివాళ్ల గురించి, బానిసత్వాన్ని వెంటనే రద్దు చేయాలన్నవారి గురించి రాసేటప్పుడు మాత్రం ఆయన చూపు ఇరుకైపోతుంది. ఎన్నికల అల్లర్లన్నిటికీ ఐరిష్‌వారే కారణమన్నట్లు రాశారు. బానిసత్వ నిర్మూలన వాదులను గొడవలు రేపేవారిగా చూశారు. దక్షిణాది పత్తి మీద న్యూయార్క్ వర్తకం ఎంతగా ఆధారపడి ఉండేదో గుర్తుంచుకుంటే ఈ రెండో వైఖరి ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది గానీ, దాన్ని సమర్థించలేం. మొదటిదైతే నాకు మరింత బాధ కలిగిస్తుంది. ఎందుకంటే హోన్స్‌డేల్ దాకా ఆ 108 మైళ్లూ పారతో, పలుగుతో తవ్వినవారిలో అధికభాగం ఐరిష్ కూలీలే. వలస వచ్చిన వడ్రంగి కుమారుడు వలస వచ్చిన కూలీల మీద అలా రాయడం ఆ డైరీలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆపిన చోటు.

కాబట్టి మీ వ్యాసానికి హోన్ డైరీని వాడుకోండి, కానీ ఒక్కదాన్నే వాడుకోవద్దు. 1836 నాటి దర్జీల సమ్మె గురించి రాస్తే పనివాళ్ల సంఘాల ప్రకటనలు, కోర్టు తీర్పు చూడండి. కాలువ గురించి రాస్తే కంపెనీ వార్షిక నివేదికలు చూడండి. ఎన్నికల గురించి రాస్తే రెండు పక్షాల పత్రికలూ పక్కపక్కన పెట్టుకోండి. ధవళేశ్వరం ఆనకట్ట గురించి కేవలం ఇంజనీర్ల నివేదికలు చదివి, మట్టి మోసిన వడ్డెరల సంగతి, కొత్తగా నీరందిన పొలాల మీద పెరిగిన శిస్తు సంగతి వదిలేస్తే ఎలా ఉంటుందో, హోన్ ఒక్కరి డైరీతో న్యూయార్క్ చరిత్ర రాస్తే అలాగే ఉంటుంది. అచ్చయిన రెండు సంకలనాలూ పాతవి గనుక ఇంటర్నెట్ గ్రంథాలయాలలో వెతకండి. ముందుగా 1835 డిసెంబరు, 1837 మే నెలల పుటలు చదివితే ఆయన రాసే తీరు మీకు పట్టుబడుతుంది.